ప్రశ్నకి 105 సెకన్లు

తెర పైన కుడి మూల 21 నిమిషాలని ఉంది. అంకె ఇంకా కదలడం లేదు. బటన్ నొక్కితే కదులుతుంది. ఆలోగా నువ్వు తెల్ల కాగితాలు, రెండు పెన్సిళ్ళు సర్దుకుంటున్నావు. పక్కనున్న మంచినీళ్ళ సీసాని అక్క వచ్చి తీసేసింది.

"సెంటర్ల నీళ్ళు లోపలికి తీస్కపోనియ్యరు. ఈడ గూడ వద్దు."

ఎస్సార్ నగర్‌లో అమ్మాయిల హాస్టల్, మూడో అంతస్తు. మూడు మంచాల గది. మూడో మంచం అమ్మాయి ఊరెళ్ళింది కాబట్టి ఆ పరుపు మడిచి, చెక్క మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నావు. ఇవాళ ఆదివారం. కింద వంటింట్లో అల్లంవెల్లుల్లి వేగుతున్న వాసన మెట్లెక్కి వస్తోంది. వారమంతా సాంబారుతో సరిపెట్టే హాస్టల్ ఆంటీ ఈ ఒక్కపూటే చికెన్ వండుతుంది. ఒంటిగంట దాటాక వెళ్తే ముక్కలుండవు, పులుసే మిగులుతుంది.

మంచం మీద బట్టలు మడతపెడుతున్న ఈవిడ నీ సొంత అక్క కాదు. కరీంనగర్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. పోయినేడు పై చదువు కోసం జీఆర్ఈ రాసింది. ఫాల్‌కి అడ్మిట్ వచ్చింది, వీసా స్లాటు కోసం చూస్తోంది. నీది నరసరావుపేట, బీటెక్ ఆఖరి సంవత్సరం. ఇప్పుడు అదే పరీక్షకి చదువుతున్నావు. ఎంసెట్‌లో మంచి ర్యాంకే కొట్టావు. వెర్బల్ అంటే గుబులుగానీ లెక్కలంటే నీకు భయం లేదు. అందుకే క్వాంట్ ప్రాక్టీస్‌కి కూర్చున్నప్పుడల్లా అక్క ఓ కన్నేసి ఉంచుతుంది.

ఈ పూట వ్యాసం లేదు, వెర్బల్ లేదు. క్వాంట్ రెండు సెక్షన్లే. మొదటిదానిలో 12 ప్రశ్నలకి 21 నిమిషాలు, రెండోదానిలో 15 ప్రశ్నలకి 26. నొక్కుతావు. 20:59.

మొదటి ప్రశ్న. ఎక్స్ సున్నా కాదు. ఏ గడిలో ఎక్స్ స్క్వేర్, బీ గడిలో ఎక్స్ క్యూబ్. ఏది పెద్దది?

ఈ రకం ప్రశ్నకి జవాబులు ఎప్పుడూ అవే నాలుగు. ఏ పెద్దదైతే ఏ, బీ పెద్దదైతే బీ, రెండూ సమానమైతే సి, ఇచ్చినదాన్ని బట్టి తేల్చలేకపోతే డి. వీటిని చదువుతూ కూర్చుంటే టైం దండగ అని ఎప్పుడో బట్టీ పట్టేశావు. ఎక్స్ స్థానంలో 2 వేస్తావు. 4, 8. బీ పెద్దది. మౌస్ అటు జరుగుతుంది, మధ్యలో ఆపుతావు. మైనస్ 1 వేసి చూస్తావు. స్క్వేర్ చేస్తే 1, క్యూబ్ చేస్తే మైనస్ 1. ఇప్పుడు ఏ పెద్దది. రెండు సంఖ్యలు రెండు రకాలుగా చెప్పాయంటే మూడోది వేసి చూడక్కర్లేదు. డి.

రెండోది. ఒకాయన ఊరికి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిన 40 వేగంతో తిరిగొచ్చాడు. ఏ గడిలో మొత్తం ప్రయాణానికి సగటు వేగం, బీ గడిలో 50. కోచింగ్‌లో నూరిపోసిన సూత్రం దానంతటదే వచ్చేస్తుంది. రెండు వేగాల లబ్ధానికి రెట్టింపు, కింద వాటి మొత్తం. 48. అయినా దూరం 120 అనుకుని ఓసారి సరిచూస్తావు. పోవడానికి 2 గంటలు, రావడానికి 3. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. 48కి తిరుగులేదు. బీ.

మూడోదానికి బొమ్మ ఇచ్చారు. పీక్యూఆర్ త్రిభుజం. పీక్యూ 6, క్యూఆర్ 8. క్యూ దగ్గర మూల నిటారుగా ఉంది. ఏ గడిలో పీఆర్ పొడవు, బీ గడిలో 10. చూడగానే నవ్వొస్తుంది. 6, 8, 10. హైస్కూల్ నుంచి తెలిసిన త్రయం. సి నొక్కేస్తావు. పది సెకన్లయినా పట్టలేదు. మిగిలిన టైం ముందుముందు అక్కరకొస్తుందని లోపల లెక్కేసుకుంటావు.

నాలుగోది. ఏ గడిలో 10, 20, 30, 40, 50ల స్టాండర్డ్ డీవియేషన్. బీ గడిలో 110, 120, 130, 140, 150లది. చెయ్యి అలవాటుకొద్దీ సగటు తీయబోతుంది. 30 అని రాసి, తేడాలు రాసి, వాటి స్క్వేర్లు మొదలెట్టాక పెన్సిల్ ఆగుతుంది. రెండో వరుసంటే మొదటి వరుసలో ప్రతిదానికీ 100 కలిపిందేగా. అన్నీ కలిసి జరిగితే వాటి మధ్య ఎడం మారదు. సి. రాసినవి కొట్టేస్తావు.

16:40.

పోలికల ప్రశ్నలు అయిపోయాయి. ఇప్పుడొచ్చింది నీకిష్టమైన రకం. 7 పవర్ 83లో ఒకట్ల స్థానంలో ఉన్న అంకె ఏది? తెర మీద క్యాలిక్యులేటర్ ఉంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, అంతే. 2011లో పరీక్షని తిరగరాసినప్పుడు దీన్ని చేర్చారు. కొత్తగా ప్రాక్టీస్ మొదలెట్టినవాళ్ళు ఇలాంటి ప్రశ్న చూడగానే దాని మీద పడతారు. 7ని 7తో గుణించుకుంటూ పోతే 7 పవర్ 9 దగ్గర 4,03,53,607 వస్తుంది. ఆ గడిలో ఎనిమిది అంకెలకే చోటు. ఇంకోసారి గుణిస్తే ఎర్రర్ అని పడుతుంది. నువ్వు దాని జోలికి పోవు. 7, 9, 3, 1. మళ్ళీ 7, 9, 3, 1. నాలుగుకోసారి తిరిగొస్తున్నాయి. 83ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. మూడోది 3. జవాబు 3.

తర్వాతది ఖాళీ గడి. ఆప్షన్లు లేవు, అంకె నువ్వే కొట్టాలి. ఒక వస్తువు ధర 25 శాతం పెరిగింది. మళ్ళీ పాత ధరకి రావాలంటే ఎంత శాతం తగ్గించాలి? వేలు 2 మీద, ఆ తర్వాత 5 మీదకి వెళ్ళబోతుంది. ఆపి, 100 అనుకుంటావు. 125 అయింది. తగ్గాల్సింది 25. కానీ తగ్గేది 125లోంచి. 20.

నలుగురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. ముగ్గురితో కమిటీ వేయాలి, కనీసం ఒక ఆడమనిషి ఉండాలి. ఇది పూర్తిగా నీ ఇలాకా. ఏడు సీ మూడు 35. అందరూ మగవాళ్ళే ఉండే కమిటీలు నాలుగు సీ మూడు, అంటే 4. 35లోంచి 4 పోతే 31. అక్క ఒక చొక్కా మడతపెట్టేలోపు అయిపోయింది.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్న దగ్గర నీ వేగానికి కళ్ళెం పడుతుంది. ఎన్ ధన పూర్ణాంకం. ఎన్ స్క్వేర్‌ని 72 నిశ్శేషంగా భాగిస్తుంది. కింది వాటిలో ఎన్‌ని తప్పకుండా భాగించేవి ఏవి? 6, 12, 24, 36. ఆప్షన్ల ముందు గుండ్రాలు లేవు, చతురస్రాలున్నాయి. అంటే జవాబు ఒకటైనా కావచ్చు, నాలుగూ కావచ్చు. ఒకటి తక్కువైనా, ఒకటి ఎక్కువైనా మార్కు రాదు. సగం ఒప్పుకి సగం మార్కులిచ్చే అలవాటు వీళ్ళకి లేదు.

72ని విడగొడతావు. రెండ్లు మూడు, మూళ్ళు రెండు. ఎన్ స్క్వేర్‌లో కనీసం ఇవి ఉండి తీరాలి. అయితే స్క్వేర్‌లో ఏ ప్రధాన సంఖ్యయినా జతలుగానే ఉంటుంది. మూడు రెండ్లు ఉన్నాయంటే నాలుగోది కూడా ఉన్నట్టే. కాబట్టి ఎన్‌లో రెండ్లు కనీసం రెండు, మూళ్ళు కనీసం ఒకటి. రెండు రెండ్ల నాలుగు, నాలుగు మూళ్ళ పన్నెండు. ఎన్‌ని 12 భాగించి తీరాలి. 12 భాగిస్తే 6 కూడా భాగిస్తుంది. మరి 24, 36? ఎన్ 12 అయ్యే వీలుందా? 12 స్క్వేర్ 144. 144లో 72 రెండుసార్లు పోతుంది. వీలుంది. అప్పుడు 24 గానీ 36 గానీ ఎన్‌ని భాగించవు. 6కీ 12కీ టిక్కు పెడతావు. రెండు నిమిషాలు పట్టింది. అయినా మనసు నెమ్మదిగా ఉంది, ఎందుకంటే ఒప్పుకున్నవాటికీ కారణం ఉంది, కొట్టేసినవాటికీ కారణం ఉంది.

9:12.

తర్వాత ఒకే పట్టిక మీద మూడు ప్రశ్నలు. ఒక కంపెనీ ఆదాయం. ఒక ఏడు మొత్తం 400 కోట్లు, అందులో ఎగుమతుల వాటా 30 శాతం. మరుసటేడు మొత్తం 500 కోట్లు, ఎగుమతుల వాటా 27 శాతం. ఎగుమతుల సొమ్ము ఎంత శాతం పెరిగింది? వాటా తగ్గింది కదా, పెరిగిందంటాడేంటి అని క్షణం తటపటాయిస్తావు. వాటా వేరు, సొమ్ము వేరు. 400లో 30 శాతం 120. 500లో 27 శాతం 135. 15 పెరిగింది. 15 బై 120. పన్నెండున్నర శాతం. మిగతా రెండూ పట్టికలోంచి ఏరుకోవడమే.

ఆఖరి ప్రశ్న కూడా అయ్యాక ఇంకా రెండున్నర నిమిషాలు ఉన్నాయి. వెనక్కెళ్ళి చూసుకోవచ్చు. అనుమానం ఉన్నవాటికి మార్క్ పెట్టుకునే వీలుంది. నువ్వు 72 లెక్కకి పెట్టుకున్నావు. అదే తెరిచి మళ్ళీ చూస్తావు, సరిగ్గానే ఉంది. త్రిభుజం లెక్కకి మార్క్ లేదు. దాన్ని తెరవవు.

సెక్షన్ ముగిసింది. అక్క వైపు చూస్తావు. ఆమె తలెత్తదు.

"నడుమల బ్రేకు లేదు. కొట్టు."

నిజమే. 2023 సెప్టెంబరులో పరీక్షని కుదించారు. అంతకుముందు నాలుగు గంటలకి దగ్గరగా సాగేది 1 గంటా 58 నిమిషాలకి దిగింది. మధ్యలో ఉండే పది నిమిషాల విరామమూ దాంతోనే పోయింది. మొదటి సెక్షన్ ఎంత బాగా చేశావన్న దాన్ని బట్టి రెండోది ఎంత కష్టంగా ఉండాలో యంత్రం నిర్ణయిస్తుంది. అందుకని రెండోదాంట్లో మొదటి ప్రశ్న చూస్తూనే అభ్యర్థులు జాతకం చూసుకోవడం మొదలెడతారు. కష్టంగా ఉంటే సంతోషం, తేలిగ్గా ఉంటే దిగులు. అక్క నీకు గట్టిగా చెప్పిందొకటే, ఆ లెక్క పరీక్షలో ఉండదు, వేయకు అని.

26:00. 25:59.

ఎక్స్, వై ధన సంఖ్యలు. రెండూ కలిపితే 10. ఏ గడిలో ఎక్స్ వై లబ్ధం, బీ గడిలో 25. ఈసారి జాగ్రత్తగా ఉండాలనుకుంటావు. కాగితం మీద వరుసగా రాస్తావు. 1, 9 అయితే 9. 2, 8 అయితే 16. 3, 7 అయితే 21. 4, 6 అయితే 24. పెరుగుతోంది గానీ 25 దాటడం లేదు. పూర్ణాంకాలనలేదు కదా అని 4.9, 5.1 కూడా వేస్తావు. 24.99. చూశావా, దశాంశాలు కూడా వదల్లేదు. బీ. ధీమాగా నొక్కుతావు.

కిటికీ బయట మెట్రో వెళ్తోంది. అమీర్‌పేట వైపు వెళ్ళేదో, అటునుంచి వచ్చేదో చూసే తీరిక లేదు. ఒక సంఖ్యని 7తో భాగిస్తే 3 మిగులుతుంది, 5తో భాగిస్తే 2. అలాంటివాటిలో అన్నిటికన్నా చిన్నది? 3, 10, 17. పదిహేడుని 5తో భాగిస్తే 2 మిగులుతుంది. 17. ఇలాంటిదానికి సూత్రం కోసం వెతికితే రెండు నిమిషాలు, వరుసగా రాసుకుంటూ పోతే పది సెకన్లు. ఆ సంగతి నీకు ప్రాక్టీస్ పుస్తకాలే నేర్పాయి. కోఠిలో పాత పుస్తకాల దుకాణంలో కొన్న ప్రాక్టీస్ పుస్తకంలో ఇదివరకటి మనిషి ఇలాంటి లెక్కకే అరపేజీ సమీకరణాలు రాసి, చివర ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు.

మధ్యలో ఒక వృత్తం, దానిలో చతురస్రం, చుట్టూ మిగిలిన భాగం వైశాల్యం. ఆ తర్వాత ఒక పెద్ద పేరా. ట్యాంకు, రెండు పంపులు, ఒకటి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది, సగం నిండాక మొదటిది ఆగిపోతుంది. చదవడానికే నలభై సెకన్లు. మళ్ళీ చదవాల్సొస్తుంది. అంకెలు తేలికే, ఎటొచ్చీ ఏ పంపు ఎప్పుడు ఆగిందో గుర్తుపెట్టుకోవాలి. ఎంసెట్‌లో లెక్క కష్టంగా ఉంటుంది, భాష ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇక్కడ లెక్క ఎనిమిదో తరగతిది, భాష మాత్రం వకీలు రాసినట్టుంటుంది.

2:05. ఇంకా మూడు ప్రశ్నలు.

గుండె కొట్టుకోవడం చెవిలో వినిపిస్తోంది. ఒకటి చేయగలవు. మిగతా రెండూ? తప్పు రాసినా ఇక్కడ మార్కులు కోయరు. వదిలేస్తే మాత్రం వచ్చే అవకాశం కూడా పోతుంది. అందుకే ముందు మూడింటికీ ఏదో ఒకటి నొక్కేసి, అందులో చిన్న ప్రశ్న దగ్గరికి తిరిగొస్తావు. సగటు ఇచ్చి మధ్యగతం అడిగారు. పూర్తి చేస్తావు. 0:11. తక్కిన రెండూ అదృష్టానికి వదిలేస్తావు.

అయిపోయింది. వీపు నిటారుగా చేసుకుంటావు. అక్క లేచొచ్చి నీ పక్కన చెక్క అంచున కూర్చుంటుంది. స్కోరు చూడ్డానికి నీ చెయ్యి వెళ్తుంటే మౌస్ లాక్కుంటుంది.

"స్కోరు తర్వాత. ముందు పోయినయి చూద్దాం."

ఎర్రగా ఉన్నవి ఒక్కొక్కటే తెరుస్తుంది. మొదట తెరుచుకున్నది త్రిభుజం. నువ్వు నమ్మవు.

"అదేంటక్కా, 6, 8, 10 కదా. పైథాగరస్."

"పైథాగరస్ ఎప్పుడు వర్తిస్తది?"

"లంబకోణమైతే."

"ఇది లంబకోణమని ఏడ రాసిన్రు? చూపెట్టు."

చూస్తావు. ప్రశ్న మళ్ళీ చదువుతావు. పీక్యూ 6 అని ఉంది. క్యూఆర్ 8 అని ఉంది. క్యూ దగ్గర చిన్న చతురస్రం గుర్తు లేదు. 90 అని లేదు. నిటారుగా ఉన్నది బొమ్మ మాత్రమే. వీళ్ళ జ్యామితి బొమ్మలు కొలతకి సరిగ్గా గీసినవి కావని ప్రతి సెక్షన్ ముందు సూచనల్లో రాస్తారు. గ్రాఫులు, సంఖ్యారేఖలు నమ్మొచ్చు, త్రిభుజాలు నమ్మకూడదు. ఆ సూచన నువ్వు కొన్ని పదులసార్లు చదివే ఉంటావు.

"రాయలా," అంటావు మెల్లిగా. "పప్పులో కాలేశా."

పీఆర్ ఎంతైనా ఉండొచ్చు. 2 కన్నా ఎక్కువ, 14 కన్నా తక్కువ, అంతే. డి.

రెండో ఎర్ర గుర్తు ఎక్స్ వైది. ఈసారి అక్క అడగక్కర్లేకుండానే నీకు తట్టింది. 1, 9 వేశావు, 4, 6 వేశావు, ఆఖరికి 4.9 కూడా వేశావు. 5, 5 వేయలేదు. అక్షరాలు రెండు కదా, సంఖ్యలు కూడా రెండుండాలని నీకు నువ్వే అనేసుకున్నావు. రెండూ 5 కాకూడదని ప్రశ్నలో ఎక్కడా లేదు. 5, 5 అయితే సరిగ్గా 25. ఒకసారి సమానం, ఒకసారి బీ పెద్దది. డి.

ఆఖరి రెండూ ఎలాగూ గుడ్డిగా నొక్కినవే. అందులో ఒకటి తగిలింది, ఒకటి పోయింది.

అక్క నీ తప్పుల నోట్‌బుక్ తెరుస్తుంది. ప్రతి పేజీలో మూడు గళ్ళు. తెలియక, టైం చాలక, ఊహించుకుని. ఇవాళ్టి తప్పులు రాశాక పాత పేజీలు కూడా తిరగేస్తుంది. మొదటి గడి చాలాచోట్ల ఖాళీ. మూడో గడి నిండా ఉంది. ఎక్స్ పూర్ణాంకం అనుకున్నా. ఎక్స్ సున్నా కాదనుకున్నా. గీత వృత్త కేంద్రం గుండా పోతుందనుకున్నా. క్రమంలో ఉన్నాయనుకున్నా. అన్నీ నీ చేతిరాతే.

"ఎంసెట్‌ల ఎన్ని ప్రశ్నలు, ఎంత టైం?" అంటుంది అక్క.

"160. మూడు గంటలు. అందులో మ్యాథ్స్ 80."

"ప్రశ్నకి ఎంత పడ్డట్టు?"

180 నిమిషాలు, 160 ప్రశ్నలు. "67 సెకన్ల చిల్లర. అరవై ఏడున్నర."

"ఇక్కడ?"

21 నిమిషాలు, 12 ప్రశ్నలు. 1260 బై 12. "105."

"రెండో సెక్షన్?"

1560 బై 15. "104. ఇంచుమించు అంతే."

"పరీక్ష చిన్నగ చేయకముందు 20 ప్రశ్నలకి 35 నిమిషాలు ఉండె. లెక్కెయ్యి."

2100 బై 20. మళ్ళీ 105. పరీక్ష సగానికి తగ్గినా ప్రశ్నకి ఇచ్చే సమయాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"ఆడ ఇంటిగ్రేషన్, త్రికోణమితి, వెక్టర్లు. అన్నీ గలిపి 67 సెకన్లు. ఈడ త్రికోణమితి లేదు, కాల్క్యులస్ లేదు, చేతికి క్యాలిక్యులేటర్ ఇచ్చిన్రు. మళ్ళ 105 సెకన్లు. కష్టమైన లెక్కకి తక్కువ, తేలిక లెక్కకి ఎక్కువ. పిచ్చోళ్ళా వాళ్ళు?"

నువ్వు జవాబు చెప్పవు. ఈ లెక్క ఇంతవరకు వేసుకోలేదు. ఎంసెట్ నీకు నేర్పిందల్లా చూడగానే పోల్చుకోవడం. ప్రశ్నలో నాలుగు మాటలు చూడగానే అది ఏ అధ్యాయమో, ఏ సూత్రమో తెలిసిపోవాలి. తెలిసిన క్షణంలోనే చెయ్యి కదలాలి. రెండేళ్ళు పొద్దున ఆరింటి నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా నీతో చేయించింది అదే. ఆ పరీక్షకి అది పనికొచ్చింది, ర్యాంకూ వచ్చింది. ఈ పరీక్ష తయారుచేసినవాళ్ళకి ఆ అలవాటు బాగా తెలుసు. 6, 8 పక్కపక్కన పెడితే నీ చెయ్యి 10 రాస్తుందని తెలిసే బీ గడిలో 10 పెట్టారు. ఏ 9నో 11నో పెట్టి ఉంటే నువ్వు కూడా ఒక్క క్షణం ఆగేదానివేమో.

1936లో కార్నెగీ ఫౌండేషన్, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా కలిసి ఈ పరీక్షని ఒక ప్రయోగంగా మొదలుపెట్టాయి. 1947లో పరీక్షలు నిర్వహించే ఈటీఎస్ అనే సంస్థ ఏర్పడ్డాక దాని చేతికొచ్చింది. అప్పటినుంచి రూపం ఎన్నిసార్లు మారిందో. 800 మార్కుల కొలమానం పోయి 130 నుంచి 170 దాకా ఉండేది వచ్చింది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ స్కోరే అక్కర్లేదంటున్నాయి. అయినా నీ జాబితాలో ఉన్నవాటిలో కొన్ని ఇంకా అడుగుతున్నాయి. పై చదువుకి వచ్చేవాడికి సూత్రాలు ఎన్ని వచ్చో తేల్చడానికి వాళ్ళకి నీ మార్కుల జాబితా చాలు. ఇచ్చిందేదో, నువ్వు కలుపుకున్నదేదో విడదీసి చూడగలవా అన్నది మార్కుల జాబితాలో కనిపించదు. 67కీ 105కీ మధ్య ఉన్న ఆ ముప్ఫై ఎనిమిది సెకన్లు అందుకిచ్చినవి. వాటిని నువ్వు మిగుల్చుకుని, ముందు లెక్కలకి దాచిపెట్టుకున్నావు.

"సరే, ఇటు చూడు," అంటుంది అక్క. ఒక కాగితం తీసి త్రిభుజం గీస్తుంది. ఈసారి కావాలని వంకరగా గీస్తుంది. "అదే లెక్క. పీక్యూ 6, క్యూఆర్ 8. ఒక్క ముక్క కలుపుతున్న. క్యూ కోణం 90 కన్నా పెద్దది."

నువ్వు ఆలోచిస్తావు. 90 అయితే 10. తలుపు ఇంకా తెరిస్తే ఎదుటి అంచు ఇంకా దూరం జరుగుతుంది. "పదికన్నా ఎక్కువ. ఏ."

"మంచిది. కోణం మాట తీసేసిన. చుట్టుకొలత 24 అన్న."

"24లోంచి 14 పోతే 10. సి." ఆగి, నువ్వే మళ్ళీ అంటావు. "అరె, అప్పుడది లంబకోణం అయిపోతుంది. వాళ్ళు చెప్పకపోయినా."

"చెప్పకపోయినా కాదు. చుట్టుకొలత చెప్పిన్రు, దాన్లకెళ్ళి వచ్చింది. నువ్వు అనుకున్నది వేరు, ఇచ్చినదాన్లకెళ్ళి వచ్చింది వేరు."

కాగితం నీ వైపు తోస్తుంది. ఏమీ చెప్పకపోతే డి. ఒక మాట కలిపితే ఏ. ఇంకో మాట కలిపితే సి.

"ఇగ బీ వచ్చేటట్టు నువ్వు రాయి. కోణం పేరెత్తకు, పీఆర్ ఇంత అని అంకె ఇయ్యకు."

ఇంతవరకు నువ్వు ఈ పరీక్షకి వేల లెక్కలు చేశావు గానీ, ఒక్కటి కూడా రాయలేదు. పెన్సిల్ పట్టుకుని త్రిభుజం వైపు చూస్తావు. పీఆర్ 10 కన్నా తక్కువ కావాలి. 10ని ముట్టుకోకుండా దాన్ని కిందకి దించాలి. చుట్టుకొలత 24 కన్నా తక్కువ అని రాయబోతావు. అది తప్పేం కాదు, కానీ చదివినవాడికి వెంటనే దొరికిపోతుంది. కొట్టేస్తావు. ఉన్న భుజాలు 6, 8. వాటితోనే ఏదో చేయాలి. కింద ఆంటీ గిన్నె మీద గరిటెతో కొట్టి పిలుస్తోంది. ఇద్దరూ కదలరు. చివరికి ఒక వాక్యం రాసి అక్క ముందు పెడతావు.

ఈ త్రిభుజంలో అన్నిటికన్నా పొడవైన భుజం క్యూఆర్.

అక్క చదువుతుంది. ఠక్కున చెప్పదు. పెదవులు కదుపుతూ మళ్ళీ చదువుతుంది. క్యూఆర్ 8. అదే పెద్దదైతే పీఆర్ 8కి కూడా చేరదు. ఇక 10 దాకా వెళ్ళే ప్రశ్నే లేదు.

"బీ," అంటుంది. "దొంగదానా, మంచిగ రాసినవ్. కోణం లేదు, అంకె లేదు."

స్కోరు చూడటం ఇద్దరికీ గుర్తులేదు. మెట్లు దిగుతుంటే అక్క రేపటి పని అప్పజెబుతుంది. నాలుగు జవాబులకీ నాలుగు రకాలుగా మారే లెక్క ఇంకోటి రాసి పెట్టాలి, డ్యూటీ నుంచి వచ్చాక తను చేస్తుంది. ఏ లెక్క తీసుకోవాలో నువ్వు అప్పుడే ఎంచుకున్నావు. 60తో వెళ్ళి 40తో వచ్చినాయన సగటు వేగం. సరిగ్గా చేసిన లెక్కే గానీ, అందులో అదే దారిన అన్న మాట నీ కంటికి ఆననేలేదు. ముందు ఆ మాట తీసేసి చూడాలి.